జెర్రి పేరు చెప్పి

సాత్వికురాలట! మితభాషిణి అట! ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషట!

పోయిన ఆదివారం ఆస్టినాబాద్‌లో మా ఇంటి దగ్గరి తెలుగు చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థం కూడిక జరిగింది. ఈ మాటలన్నీ అన్నది కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు. ఆయన తప్పేమీ లేదు. ఆవిడ ఆఖరి రోజులే ఆయన చూశాడు. అప్పటికే ఆవిడకి చెవులు పోయాయి. ఎదటివాళ్ళ జవాబు వినపడనప్పుడు తిట్టి లాభమేమిటని తనే మానుకుంది. అది మౌనం కాదు, విశ్రాంతి. వెనక బెంచీలో కూర్చున్న నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మనిషి పోగానే ఆ మనిషిలో ఉన్న ఉప్పూ కారం కడిగేసి పథ్యం కూడు చేసి వడ్డించడం ఏం మర్యాద? లేచి నిలబడి, "అయ్యా, ఈవిడ ఒక రేకుల ఇళ్ళ లైను లైనంతటినీ నోటితో నడిపించిన మనిషి, మీరు చెబుతున్నావిడ ఎవరో నాకు తెలియదు" అందామనుకున్నాను. మా కోడలు చొక్కా పట్టుకుని లాగింది. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను. కాగితం ముందు కూర్చున్నవాడి చొక్కా ఎవరూ లాగరు.

ఆవిడ పేరు రాయను. పేరు పెట్టి పిలిచే హక్కున్నవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే, మొగుడూ అత్తగారూ. ఇద్దరూ లేరు. మిగతా అందరికీ ఆవిడ దీదీ. తనకంటే పెద్దవాళ్ళకి కూడా దీదీయే. నేను ఆవిడకంటే కొన్నేళ్ళు పెద్ద. ఇద్దరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళమే, నోరారా అన్నయ్యా చెల్లెమ్మా అనుకోకుండా ఈ భయ్యా దీదీలేమిటని ఒకసారి అడిగాను. 

"అన్నయ్యా అంటే పండక్కి చీర పెట్టాల. భయ్యా అంటే ఏటీ పెట్టక్కర్నేదు. నీ మేలు కోరే భయ్యా అంటన్నాను" అంది.

అదీ మా బంధుత్వం.

అప్పట్లో ఇద్దరం అండమాన్‌లోని హట్ బేలో ఉండేవాళ్ళం, మా బస్తీలు వేరు. నాకు బజారులో పచారీ కొట్టుండేది. పొట్లాలు కట్టే పాత పేపర్లు కూడబలుక్కుని చదివే నేను తెలుగు నేర్చుకున్నాను, బడి నాకేమీ పెట్టలేదు. వాళ్ళ ఇల్లు జెట్టీకి దగ్గర. వాళ్ళాయన జెట్టీలో సరుకు దింపేవాడు. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున, సముద్రం లేచి వచ్చింది. నా కొట్టు పోయింది. వాళ్ళ ఇల్లు పోయింది. ఆయన పోయాడు. ఆ పూట గురించి చాలామంది రాశారు, పడవ ఎక్కి వచ్చి మమ్మల్ని అడిగి మరీ రాశారు. నేను రాయబోయేది ఆ తర్వాతి సంగతి. దాన్నెవరూ అడగలేదు.

మిట్ట మీద అడవి కొట్టి, నేల చదును చేసి, రేకుల లైన్లు వేసి మమ్మల్ని అందులో పెట్టారు. గోడ రేకు, కప్పు రేకు, గదికీ గదికీ మధ్య అడ్డం రేకు. మధ్యాహ్నం పూట లోపల కూర్చుంటే వేరుశనక్కాయల్లాగా వేగేవాళ్ళం. వాన పడితే పక్కవాడు చెవిలో అరిచినా వినపడేది కాదు. దానికి మధ్యంతర నివాసం అని పేరు. దేనికీ దేనికీ మధ్య అని అడిగితే వచ్చిన ఆఫీసరు నవ్వి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నాకు భుజం తట్టేవాళ్ళంటే ఇప్పటికీ పడదు.

ఆ నేల కింద కుళ్ళిన మొద్దులు, వాటి కింద జెర్రులు. అవి మా కంటే ముందు నుంచి ఉన్న కాపురాలు. వానాకాలం మొదలవగానే వాటి ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి, అవి మా ఇళ్ళలోకి వచ్చాయి. సముద్రానికి అవతలి ఒడ్డున ఉండే మన తెలుగువాళ్ళకి జెర్రి అంటే స్నానాల గదిలో తిరిగే వేలెడు పురుగు. అండమాన్ జెర్రిని చూడాలి. జానెడుకి పైమాట, బొటనవేలంత లావు, తుప్పురంగు వీపు, పసుపు కాళ్ళు. రేకు మీద పరుగెత్తితే ఎవరో గోళ్ళతో గీరుతున్నట్టు చప్పుడు. చెప్పుతో కొడితే చావదు, చెప్పెక్కి చేతి మీదకి వస్తుంది. రెండు ముక్కలు చేస్తే చెరో ముక్కా చెరో దిక్కుకి పోతుంది. కుట్టిందా, మీసాలున్నవాడు కూడా అమ్మా అని ఏడవవలసిందే. హిందీలో దాన్ని కాన్‌ఖజూరా అంటారు. ఆ పేరు వింటేనే మా లైనులో పిల్లలు మంచం మీదకి కాళ్ళు ముడుచుకునేవాళ్ళు.

ఒక గదిలో తరిమితే అది అడ్డురేకు కింద సందులోంచి పక్క గదిలోకి దూరేది. అందుకని లైనులో ఒక ఆచారం పుట్టింది. జెర్రి కనపడగానే గరిటె తీసి అడ్డురేకు మీద టంగుటంగుమని కొట్టాలి. విన్న పక్కగదివాళ్ళు తమ రేకు కొట్టాలి. అలా లైను చివరిదాకా మోగేది. ఆడవాళ్ళూ పిల్లలూ మంచాలెక్కేవాళ్ళు, మగవాళ్ళు కొబ్బరి కత్తులు పట్టుకుని మొదట మోగిన గదికి పరిగెత్తేవాళ్ళు. ఎవరూ పెట్టని రూలు. అందుకే అందరూ పాటించారు.

దీదీ గది నా గది పక్కదే. మధ్య ఆ రేకు ఒక్కటే కాబట్టి ఆవిడ దినచర్య నాకు కంఠతా. పొద్దున లేస్తూనే గదిలో ఉన్న ప్రతి వస్తువునీ తిరగేసేది. చెప్పులు నేలకేసి కొట్టేది, మడతపెట్టిన చీరలు విప్పి దులిపేది, చేటని తలకిందులు చేసేది. చేస్తున్నంతసేపూ కనపడని జెర్రితో మాటలు.

"రా నాయనా, బయిటికి రా. లోపలేటుందని దాక్కున్నావు? ఇది కలెక్టరు బంగళా అనుకున్నావా? రా, మొకం సూపించు."

మంచం కోళ్ళు నాలుగూ పాలపొడి డబ్బాల్లో నిలబెట్టి, డబ్బాల్లో నీళ్ళు పోసి, పైన రెండు చుక్కలు కిరసనాయిలు వేసేది. తన గది అయ్యాక పక్కవాళ్ళ గదులు. అడగకుండా లోపలికొచ్చి మన చాప మనమే దొంగిలించినట్టు ఎత్తి చూసేది.

"ఏటి భయ్యా ఈ గోనెసంచులు? జెర్రికి అత్తారిల్లు కట్టేవా?"

నేను గది వెనక నాలుగు వంగమొక్కలు పెట్టుకుని, మొదళ్ళలో తడి నిలవడానికి కొబ్బరి డొక్కలు పరిచాను. డొక్కల కింద జెర్రులు పిల్లలు పెడతాయని ఆవిడ, పెట్టవని నేను. మొక్కల పెంపకం మీద ఒక చిన్న పుస్తకంలో డొక్కలు పరచమని అచ్చు వేసి ఉందని చూపించాను. మర్నాడు నేను రేషను లైనులో ఉండగా డొక్కలన్నీ పోగేసి తగలబెట్టేసింది. ఏం చెయ్యాలి చెప్పండి ఇలాంటి మనిషిని? మాట్లాడడం మానేశాను. కొన్నాళ్ళయ్యాక రేకు అవతల నుంచి గొంతు వినపడింది.

"భయ్యా, మాటాడకపోతే మాన్నావు. ఊపిరైనా గట్టిగా తీయి. ఉన్నావో పోనావో తెలవక నేను వండుకోనేకపోతన్నాను."

నవ్వొచ్చింది. నవ్వు రేకు అవతలికి వినపడింది. మళ్ళీ మాటలు మొదలు.

జెర్రికి నూరు కాళ్ళని లోకమంతా అంటుంది. నేను ఒకసారి చచ్చినదాన్ని పుల్లతో కదిపి లెక్కపెట్టాను. నలభై రెండు. ఒక పెద్ద విషయం కనిపెట్టినవాడిలా వెళ్ళి చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు.

"నలభయ్ రెండైనా దేనికి భయ్యా దానికి? అందులో రెండు మా అత్తకి ఇచ్చి ఉంటే సరిపోను" అంది.

ఆ అత్తగారి గురించి చెప్పాలి. ఆ ఆదివారం పొద్దున దీదీ ఆ ముసలమ్మని చీరతో తన వీపుకి కట్టుకుని జెట్టీ దగ్గర్నుంచి మిట్ట ఎక్కింది. పక్కనుంచి ఊరంతా పరుగెత్తింది. ఎవరినీ అనడానికి లేదు, అందరి చంకల్లోనూ ఎవరో ఒకరున్నారు. దారిలో ఒకచోట ఇద్దరూ పడ్డారు. ముసలమ్మకి నడుం కింద పని చెయ్యడం ఆగిపోయింది. దీదీ నడుం కూడా అప్పుడే పోయింది, అయినా ఎలాగో అత్తని పైకి చేర్చింది. తర్వాత నీళ్ళ బకెట్టు కూడా సగమే నింపి తెచ్చుకునేది. అంటే, ఇంకోసారి సముద్రం వస్తే అత్తని మొయ్యడం తనవల్ల కాదు. ఈ ముక్క ఆవిడ ఎవరితోనూ అనలేదు. రేకు పక్కనున్న నాతో కూడా అనలేదు. ఆ రోజుల్లో భూమి మాటిమాటికీ వణికేది. వణికినప్పుడల్లా లైనంతా ఆకాశం వంకా సముద్రం వంకా చూసేది. ఆవిడ అత్త మంచం వంక చూసేది.

అత్తాకోడళ్ళు ప్రేమగా ఉండేవాళ్ళని రాస్తే అబద్ధం. ముసలమ్మ రోజంతా సణిగేది, కోడలు రోజంతా బదులు చెప్పేది. అన్నం పలుకని అత్త, మెత్తనని కోడలు. పోయినవాడి పేరు మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఇక రోకలి సంగతి.

ఒక మధ్యాహ్నం. ఆ పొద్దున్నే భూమి కాస్త గట్టిగా కదిలింది, అందరి ప్రాణాలూ గుప్పిట్లోనే ఉన్నాయి. అలాంటప్పుడు దీదీ అత్తగారి దోమతెర మీద, సరిగ్గా మొహానికి ఎదురుగా, జెర్రి కనపడింది. చేతికి గరిటె దొరకలేదు, రోకలి దొరికింది. రోకలితో రేకు కొట్టింది.

ఆ మోత మామూలు మోత కాదు. లైను మొత్తం ఒక్కసారి గుండె ఆగినట్టయింది. తర్వాత ఎవరో "పానీ!" అని కేకేశారు. అంతే. మా లైనులో ఉండే లారీ డ్రైవరు, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు, ఒక చెంప గీసుకుని ఇంకో చెంప సబ్బు నురగతో పరుగెత్తాడు. వడ్రంగి పని చేసే బెంగాలీ దాదా చంకలో పిల్లనీ చేతిలో బొగ్గుల ఇస్త్రీపెట్టెనీ పట్టుకుని పరుగెత్తాడు. నా చేతిలో అన్నం గిన్నె మూత ఉంది. లైనుకి ఎగువనున్న గుట్ట పైకి చేరాక చూసుకుంటే మూత ఒక్కటే ఉంది. అందరం ఆయాసపడుతూ సముద్రం వంక చూశాం. సముద్రం తన మానాన తాను నిద్రపోతున్న ఆవులా ఉంది.

దిగి వచ్చాం. దీదీ గుమ్మంలో రోకలి ఆనించుకుని నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర నలిగిన జెర్రి. ఒక్కొక్కరినే పలకరించింది.

"ఎల్లొచ్చారా బాబూ? సముద్రం బాగుందా? మమ్మల్ని అడిగిందా?"

డ్రైవరు ఎండిపోయిన నురగ మొహంతోనే పంచాయితీ పెట్టాడు. "దీదీ, మజాక్ కాదు ఇది. నా పిల్ల చెప్పుల్లేకుండా ఉరికి కాలు కోసుకుంది. ఆజ్ సే జెర్రికి రేకు కొట్టుడు బంద్. పానీ వస్తేనే కొట్టాల."

"బందే బాబూ. నేను కాదన్ను. ఒకటి సెప్పు. ఇయ్యాల రేకు ఇని మీరంతా ఎటెల్లారు?"

"ఊపర్. ఇంకెటు పోతాం?"

"నా గుమ్మం ముందు నుంచే ఎల్లారు. నేను సూత్తానే ఉన్నాను. మా అత్త మంచంలోంచి సూత్తానే ఉంది. ఒక్కడైనా లోపలికి తొంగి సూడనేదు."

దాదా ఇస్త్రీపెట్టె కింద పెట్టి, "దీదీ, ఉస్ టైమ్ దిమాగ్ కామ్ నహీఁ కర్తా" అన్నాడు. ఆ సమయంలో బుర్ర పని చెయ్యదని.

"అవును దాదా. నిజివే" అంది దీదీ. ఆవిడ అంత తొందరగా ఒప్పుకోవడం నేను అదే చూడడం. అనుమానం రావలసింది. రాలేదు.

నాకు మాత్రం కోపం వచ్చింది. ఇది ప్రభుత్వం చూసుకోవలసిన పని అన్నాను. లేవలేనివాళ్ళున్న గదులకి మోసుకెళ్ళడానికి ఒక మంచం, ఇద్దరు మనుషులు ఏర్పాటు చెయ్యాలని నాకొచ్చిన ఇంగ్లీషులో అర్జీ రాసి ఆఫీసుకి పట్టుకెళ్ళి ఇచ్చాను. పరిశీలిస్తాం అన్నారు. వెళ్ళి వచ్చినప్పుడల్లా రేకు అవతల నుంచి పరామర్శ.

"నీ అర్జీ ఎంత దూరం నడిసింది భయ్యా? జెర్రి కంటే జోరుగా నడుస్తందా?"

కొన్నాళ్ళు రేకులు నిశ్శబ్దంగా ఉన్నాయి. తర్వాత ఒక సాయంకాలం గరిటె మోగింది. సన్నగా, మర్యాదగా. దీదీ గదే. నేనూ డ్రైవరూ దాదా వెళ్ళాం. వెనకే చివరి గదిలో ఉండే రాంచీ మనిషి కూడా వచ్చాడు. అతను రోడ్డు పని చేసేవాడు, మాట్లాడగా ఎవరూ వినలేదు.

"బంద్ అన్నాం కదా దీదీ!" అన్నాడు డ్రైవరు.

"రోకలితో బంద్ అన్నావు. ఇది గరిటె. కేకలు మాని సూడు, మా అత్త మంచం కింద దూరింది. నా నడుం ఒంగదు."

గది ఎంత? మంచం పడితే పక్కన మనిషి కూర్చునే చోటు. కింద వెతకాలంటే మంచం బయటికి తీసుకెళ్ళాలి. మంచం మీద ముసలమ్మ. తలుపు సన్నం, మంచం తిన్నగా పట్టదు, ఒక పక్కకి వాల్చాలి. ముసలమ్మ జారిపోకుండా దీదీ ఒక చీరతో ఆవిణ్ణి మంచానికి కట్టింది. నలుగురం నాలుగు మూలలు పట్టుకున్నాం. డబ్బాలు దొర్లాయి, నీళ్ళన్నీ ఒలికాయి, నా వేళ్ళు గడపకి నలిగాయి. ముసలమ్మ మా నలుగురి తాతముత్తాతల్నీ వరసగా తలుచుకుంది. చివరికి వాకిట్లో దింపాం. ఈలోపు దీదీ లోపలికి వెళ్ళి చేటలో జెర్రిని పట్టుకొచ్చింది.

"సచ్చింది. ఎల్లండి."

అక్కడి నుంచి మొదలు. నాలుగైదు రోజులకోసారి గరిటె మోగేది, మేం వెళ్ళేవాళ్ళం, మంచం మొయ్యడం, చేట, చచ్చిన జెర్రి. అదేమి జెర్రో, ఎప్పుడూ ముసలమ్మ మంచం కిందకే దూరేది. దీదీ పక్కన నిలబడి కాంట్రాక్టరులా అజమాయిషీ చేసేది.

"దాదా, నీ మూల తలకాడ. రాంచీ భయ్యా, అడ్డం తిప్పు, అడ్డం. అయ్యో, నువ్వు కాదు భయ్యా! పుస్తకాలు సదివినోడికి నీ మూల ఏదో నీకు గురుతుండదేటి? పోయినసారీ ఇదే కదా నీది?"

"దీదీ, వెతికేటప్పుడు మూలేదైతే ఏమిటి?" అని నేను.

"నీకు తెలవదు. పట్టుకో."

ముసలమ్మకి ఇది అలవాటైపోయింది. బయటి గాలి, వచ్చేపోయే జనం, కోళ్ళు. మేం లోపలికి తీసుకెళ్ళబోతే ఒప్పుకునేది కాదు. "మీకేటి తొందర? ఇంకోటి ఉందేమో, బాగా ఎతకండ్రా" అనేది. డ్రైవరు రాను రాను విసుక్కోవడం మానేశాడు. గరిటె వినపడితే తింటున్న పళ్ళెం పక్కన పెట్టి వచ్చేవాడు. తలుపు దగ్గర మంచం ఎంత వాల్చాలో మా చేతులకి తెలిసిపోయింది.

నాకొక పాడలవాటు ఉంది, ఏదైనా కనపడితే లెక్కపెట్టడం. చేటలో జెర్రిని చూస్తూ చూస్తూ ఒకనాడు లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఎడమ పక్క ఆఖరి కాలు లేదు. తర్వాతిసారి వచ్చిన జెర్రికీ అదే కాలు లేదు. ఆ తర్వాతిసారీ అంతే. పైగా కిరసనాయిలు వాసన.

మర్నాడు పొద్దున ఆవిడ వాకిట్లో గిన్నెలు తోముతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"దీదీ, నిన్న చచ్చిన జెర్రికి ఎడమవైపు ఆఖరి కాలు లేదు."

"కొట్టినప్పుడు ఊడిపోయుంటాది."

"దానికి ముందు చచ్చినదానికీ లేదు."

"కుంటి జెర్రులు కాబోలు. అన్నదమ్ములేమో."

"ఆ ముందుదానికీ లేదు. అంతా ఒకటే జెర్రి. చంపి సీసాలో కిరసనాయిలు పోసి దాచావు. నలుగురు మగాళ్ళని పిలిచి, మంచం మోయించి, ఆ పాత శవాన్నే చూపిస్తున్నావు. ఎందుకిదంతా? మేమేమైనా నీ పాలేర్లమా?"

నా గొంతు లేచింది. ఆవిడ తోముతున్న గిన్నె ఆపలేదు. బూడిద చేతులతోనే జుట్టు వెనక్కి తోసుకుంది.

"గట్టిగా అరకు, లోపల ఆవిడ ఇంటాది. భయ్యా, సముద్రం వచ్చిందంటే మీరంతా ఎటు పరిగెడతారు?"

"గుట్ట మీదకి."

"జెర్రి వచ్చిందంటే?"

నా జవాబు కోసం ఆగకుండా, గిన్నె తిరగేసి తోముతూ తనే అంది.

"నా గుమ్మంలోకి పరిగెడతారు. మరి నేనేటి సెప్పి పిలవాల, నువ్వే సెప్పు. దాదా ఏటన్నాడు? ఆ టయాన బుర్ర పని సెయ్యదన్నాడు. బుర్ర పని సెయ్యదు గానీ కాళ్ళు పని సేస్తాయి కదా? అందుకని బుర్రకి సెప్పడం మానేసేను. కాళ్ళకి సెప్తన్నాను. రేకు మోగితే ఎటు రావాలో కాళ్ళకి తెలవాల. ఎవుల మూల ఎవులిదో సేతులకి తెలవాల. నీ అర్జీ వచ్చినాక ఆపేస్తాను, సరేనా?"

మోసం అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"ఆ కిరసనాయిలు కంపు కొడుతోంది. దాదాకి ముక్కు మంచిది, పసిగడతాడు. జెర్రిని మార్చు."

"అయితే ఒక కొత్తది పట్టుకొచ్చి ఇయ్యి. కాళ్ళన్నీ ఉన్నది సూసి తే. లెక్కెట్టడం నీకొచ్చు కదా."

తెచ్చి ఇచ్చాను. మొద్దు కింద దొరికింది. చంపడానికి నా ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పర్వానేదు, మొకం బాగుంది" అంది. ఆ సాయంకాలం గరిటె మోగినప్పుడు చేటలో దాన్ని చూసి "అబ్బో, ఎంత పెద్దదో!" అని అందరికంటే గట్టిగా ఆశ్చర్యపోయింది నేనే. దీదీ నా వంక చూడకుండా పెదవి కొరుక్కుంది.

మరుసటి వానాకాలం కూడా అందులోనే గడిచింది. మధ్యంతరం సాగుతూనే ఉంది. ఒకనాడు పొద్దున, ట్యాంకరు దగ్గర నీళ్ళకి నిలబడ్డాం. ముందు కుక్కలు మొరిగాయి. తర్వాత కాళ్ళ కింద నేల, పడవ కదిలినట్టు, పక్కకి జరిగి మళ్ళీ వచ్చింది. బకెట్లలో నీళ్ళు వాటంతటవే ఒలికాయి. లైను లైనంతా, ఏ చెయ్యీ తగలకుండానే, రేకులన్నీ ఒక్కసారి మోగాయి. అంత మోత ఏ రోకలికీ రాదు.

జనం గుట్ట వైపు పరుగెత్తారు. నేను పరుగెత్తానని తెలుసు, ఎటు వెళుతున్నానో ఆలోచించిన గుర్తు లేదు. తేరుకునేసరికి దీదీ గుమ్మంలో ఉన్నాను. డ్రైవరు నాకంటే ముందే అక్కడున్నాడు, పెళ్ళాం పిల్లల్ని జనంతో పైకి పంపి తను ఇటు వచ్చాడు. దాదా చేతిలో చిత్రికపట్టే సాధనం అలాగే ఉంది, దాన్ని గడప మీద పెట్టి లోపలికి వంగాడు. రాంచీ మనిషి అప్పటికే తన మూల పట్టుకున్నాడు. దీదీ చీర కట్టు వేసి ముడి బిగించింది. మంచం లేచింది, వాలింది, తలుపు దాటింది. గడపకి తగల్లేదు. ఒక్క డబ్బా దొర్లలేదు.

గుట్ట సగం ఎక్కాక దాదా ఆయాసపడుతూ వెనక్కి తిరిగాడు.

"దీదీ, కాన్‌ఖజూరా కహాఁ హై?"

"ఇయ్యాల నేదు దాదా. నడు."

పైన చాలాసేపు కూర్చున్నాం. ముసలమ్మ మంచం మా మధ్యలో. అక్కడ ఆవిడ ఒక్కతే పడుకుని ఉంది, మిగతా అందరం నిలబడో చతికిలబడో ఉన్నాం, పెళ్ళికూతుర్ని చూడవచ్చిన చుట్టాల్లాగా. సముద్రం రాలేదు. ఎవరో రేడియో తిప్పి, పోలీసు జీపు కూడా వచ్చి, భయం లేదని తేల్చాక దిగడం మొదలుపెట్టాం. నలుగురం మంచం ఎత్తి నాలుగడుగులు వేశామో లేదో, ముసలమ్మ గుట్ట దద్దరిల్లేలా కేక పెట్టింది.

"ఆపండ్రా! కాళ్ళు ముందెట్టి తీసుకుపోతారేట్రా? నానింకా సావనేదు!"

దింపుతున్నప్పుడు తల పల్లానికి ఉంటే బాగుండదని మేం అలా పట్టాం. ఆ మాటే చెప్పాను. వినలేదు. దారి మధ్యలో మంచం మొత్తం తిప్పవలసి వచ్చింది. ఇప్పుడు తల పల్లం వైపు వచ్చింది కాబట్టి, అటు మూలలు పట్టిన దాదా, రాంచీ మనిషీ మంచం సమంగా ఉండడానికి చేతులు నెత్తి మీదకెత్తి నడవవలసి వచ్చింది. ఎగువ వైపున నేనూ డ్రైవరూ ఇంచుమించు గొంతుక్కూర్చుని దిగాం. దారి పొడుగునా ఒకటే నవ్వులు. ఎప్పుడూ మాట్లాడని రాంచీ మనిషి కూడా నవ్వాడు. దీదీ మాత్రం నవ్వలేదు. మంచం పట్టె మీద చెయ్యి వేసి పక్కనే నడిచింది.

మంచం లోపల పెట్టి బయటికొచ్చాం. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. చెబుతుందని మేం అనుకోలేదు కూడా. లోపలికి వెళ్ళి నేల మీద అలా ఒరిగింది. నేను నా గదిలో కూర్చుంటే రేకు అవతల నుంచి గాఢంగా గురక వినపడింది. పట్టపగలు. అన్నాళ్ళుగా ఆ గదిలోంచి ఏ వేళప్పుడైనా దగ్గు వినేవాణ్ణి, గొణుగుడు వినేవాణ్ణి, దీదీ గురక వినడం అదే మొదలు.

మధ్యాహ్నానికి లైనులో ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఎలా మోశారు, ఎవరు మోశారు, ముసలమ్మ ఏమంది అని గుమ్మం ముందు చేరి ఒకటే గోల. అప్పుడు లోపల మంచం మీద నుంచి ఆ ముసలమ్మ గొంతు వినపడింది. ఎన్నడూ లేనిది, గుసగుసగా.

"మెల్లిగా మాటాడండే. నా కోడలు తొంగుంది."